పచ్చగా మిగిలిన సాళ్ళు

న్యూ మెక్సికో దక్షిణాన, దేశ సరిహద్దుకి దగ్గర్లో, నది ఒడ్డున ఒక పత్తిచేను. అక్టోబరు నెల, పొద్దెక్కిన వేళ. గట్టు మీద ఎర్లిండా, ఆమె మరిది అబుందియో. పక్కనే ట్రాక్టరుకి తగిలించిన నిప్పుబండి, ఏరే ముందు వేడిగాలితో పత్తి ఆకు ఎండగొట్టేది.

"గ్యాసు అయిపోయిందంటావు."

"అయిపోయింది వదినా. ఎన్నిసార్లు చెప్పను? నిన్న సాయంత్రం ఆ మూల దాకా వచ్చేసరికి మంట పడిపోయింది. అంతే."

"ట్యాంకు మీద ముల్లు సగం దగ్గరుంది."

"ఆ ముల్లు ఎప్పుడు నిజం చెప్పింది? బిగించిన రోజు నుంచీ అది అబద్ధాలకోరే."

"ముల్లు అబద్ధాలకోరు, నువ్వు సత్యసంధుడివి. సరే. ట్యాంకు తట్టి చూశాను అబుందియో. బోలుగా మోగలేదు."

"తట్టావా?"

"తట్టాను. ఇప్పుడు చెప్పు. చేనంతా వేడిగాలి కొట్టావు. ఆకు ఉడికిన తోటకూరలా వాలిపోయి, ఇవాళ్టికి కరకరలాడుతోంది. బాగుంది. తూర్పు పక్క సాళ్ళు మాత్రం నవనవలాడుతున్నాయి. వాటికేమన్నా మొక్కుందా?"

"రేపు కొడతాలే."

"రేపు ఏరే మిషను వస్తుంది."

"ఎల్లుండి రమ్మందాం."

"అది మనింట్లో కట్టేసిన గేదా, పిలిచినప్పుడు రావడానికి? లోయంతా తిరగాలి అది. పచ్చాకు మీద మిషను నడిపితే దూదికి మరక పడుతుంది. మరక పడ్డ దూది మిల్లువాడు వెనక్కి తోలేస్తాడు. ఇది నీకు నేను నేర్పాలా?"

"అయితే ఆ సాళ్ళు వదిలేసి ఏరిద్దాం. పోతే పోనీ."

"ఏమన్నావు?"

"పోతే పోనీ అన్నా."

"కింద పడ్డ పింజ కూడా ఏరి జేబులో వేసుకునే మనిషివి. నీ నోట పోతే పోనీ వినడం ఇదే మొదలు. ఒళ్ళు జలదరించింది నాకు."

"వదినా, ఏమన్నా తిన్నావా? బరీటో ఉంది. రొట్టెలో చుట్టిన చిక్కుడు గింజలూ, కాల్చిన పచ్చిమిరపా. నీ చేతి వంటే."

"నా చేతి వంటేనని నాకూ తెలుసు. పొద్దున వంటింట్లోంచి నాలుగు చుట్టుకెళ్ళావు."

"ఆకలేసింది."

"పొద్దున్నే ఒకటి తింటేనే కడుపు పట్టుకుని తిరుగుతావు. నాలుగు ఎక్కడ పట్టాయి?"

"పని ఎక్కువైంది కదా."

"పని అంటే గుర్తొచ్చింది. తెల్ల డబ్బా పట్టుకుని ఆ సాళ్ళలోకి వెళ్ళావు. వచ్చేటప్పుడు చేతులూపుకుంటూ వచ్చావు. డబ్బాలో ఏముంది?"

"నీళ్ళు."

"పత్తికి డబ్బాతో నీళ్ళు పోస్తున్నావా?"

"పిట్టలకి."

"పిట్టలకి! కాలవ ఎక్కడో లేదు, ఇదిగో ఇక్కడే పారుతోంది. పిట్టలకి రెక్కలు పోయాయా?"

"నువ్వు పోలీసువా వదినా? దొంగని అడిగినట్టు అడుగుతున్నావు."

"దొంగలా చెప్తుంటే ఎలా అడగాలి? నిన్న మునిమాపున పక్క చేను లియాండ్రో కొట్టం ముందు నీ బండి ఎందుకు ఆగింది?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్తేనేం? ఆగిందా, లేదా?"

"ఆగింది. మందు అడుగుదామని—"

"మందు!"

"గుర్రాలకి పూసే మందు వదినా! బెణుకులకి రాసుకుంటారే, అది. నా కాలు నొప్పిగా ఉంది."

"ఏ కాలు?"

"ఇదిగో. ఈ కాలు."

"ఆ కాలితోనే ఇందాక కంచె దూకావు."

"నొప్పి వస్తుంది, పోతుంది."

"చూడు అబుందియో. లియాండ్రో కొట్టంలో ఏముంటాయో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆకు రాల్చే మందు. తెల్ల డబ్బాల్లో. నాకు తెలిసే పాటికి పని కానిద్దామని ఆ సాళ్ళలో కొట్టేశావు. అవునా?"

"లేదు."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

"గ్వాదలూపే తల్లి మీద ఒట్టు. ఈ చేలో చుక్క మందు పడలేదు. ఆకు వాసన చూడు, కావాలంటే నమిలి చూడు."

"చూశాను."

"నమిలావా?"

"వాసన చూశాను. మందు వాసన నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? మా బడి పత్తిచేల మధ్య ఉండేది. విమానం వచ్చి కొట్టిపోయిన రోజున టీచరమ్మ కిటికీలన్నీ మూసేది. అయినా వచ్చేది, కుళ్ళిన క్యాబేజీ వాసన. మా చెల్లెలు పాలోమా డెస్కు మీద వాలిపోయి ఊపిరి కోసం కొట్టుకునేది. దానికి ఇప్పటికీ రాత్రిళ్ళు మూతికి గొట్టం ఉంటేగానీ నిద్రలేదు. అందుకే నేను ఈ నిప్పు పట్టుకున్నాను."

"తెలుసు వదినా."

"మీ అన్నయ్య నవ్వాడు. పత్తికి పొయ్యి రాజేసిన ఆడదాన్ని నిన్నే చూశానన్నాడు. నవ్విన మనిషే నెల తిరక్కుండా ఆ బండిని తన చేతుల్తో అతికించి ఇచ్చాడు. ఒక్కో బర్నరూ నా ఎత్తుకి సరిపడా—"

"అన్నయ్య ఊసు ఇప్పుడెందుకు?"

"ఎందుకు ఉలిక్కిపడ్డావు?"

"ఎవరు? నేనా?"

"ఫోను చేశాడా నీకు?"

"లేదు."

"నాకూ లేదు. ఎండాకాలం పోయింది, పత్తి పగిలింది, ఒక్క ఫోను లేదు. సరిహద్దు అవతల ఎవతో దొరికుంటుంది. వేడి రొట్టెలు చేసి పెడుతూ ఉంటుంది."

"అన్నయ్య అలాంటివాడు కాదు."

"మరి ఎలాంటివాడో చెప్పు. నీకేదో తెలుసు. మొహం మీద మూత పెట్టుకున్నా ఆవిరి వస్తూనే ఉంది."

"నీకు చెప్పి ఎవరు బాగుపడ్డారు వదినా?"

"ఏంటీ?"

"ఏం లేదు."

"సగం వచ్చింది. మిగతా సగం కూడా కక్కు."

"సరే, విను. కిందటేడు లియాండ్రో విమానం జల్లు నీ పడమటి చేలో పడింది. కాస్త, ఆ చివర. చూసింది ఎవరు? దేవుడూ, నువ్వూ. దేవుడు నోరు మూసుకున్నాడు. నువ్వు ఫోను తీసి ఆ తనిఖీవాళ్ళకి నువ్వే చెప్పావు. ఆ చేను మొత్తానికి మూడేళ్ళ దాకా మందుల్లేని పత్తి అనే పేరు పోయింది."

"పడింది కాబట్టి చెప్పాను."

"అన్నయ్య సంగతి? చెక్‌పోస్టు దగ్గర ఆ పోలీసు నిన్నే అడిగాడు, మీ ఆయనకి ఈ దేశంలో ఉండే కాగితాలున్నాయా అని. నువ్వు ఇక్కడ పుట్టినదానివి. ఉన్నాయి అంటే చాలు, చెయ్యి ఊపి పంపేసేవాడు. నువ్వేమన్నావు?"

"లేవన్నాను."

"లేవన్నావు."

"ఉన్నాయని అందామనే నోరు తెరిచాను అబుందియో. లేవనే వచ్చింది. నా నోటికి అదే అలవాటు. ఏం చెయ్యను? మీ అన్నయ్య సెలెస్తీనో బండి దిగి వాళ్ళతో వెళ్ళేటప్పుడు నా వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. జాలిగా చూశాడు."

"నిన్ను తిట్టాలని కాదు వదినా. అందుకే…"

"అందుకే?"

"అందుకే ఏం లేదు. బరీటో చల్లారిపోతోంది."

"నీ బరీటో కుక్కలకి వెయ్యి. జరుగు. బండి నేనే తోలతాను."

"వద్దు!"

"ఎందుకొద్దు?"

"మూడో బర్నరు పాడైంది."

"నిన్న చేనంతా దేంతో కాల్చావు? నీ నోటితోనా?"

"గాలి తిరిగింది. మంట గట్టు మీద గడ్డికి అంటుకుంటుంది."

"రెల్లు దుబ్బు చూడు, పోత పోసిన బొమ్మలా నిలబడింది. గాలట! తాళం ఇవ్వు."

"ఎక్కడో పడిపోయింది."

"నీ చొక్కా జేబులో గలగలమంటోంది. ఇస్తావా, నన్ను తీసుకోమంటావా?"

"వదినా, మాట విను. ఒక్కరోజు. ఒక్కటంటే ఒక్కరోజు ఆగు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళు పట్టుకునేంత ఏముంది అక్కడ? ఇటివ్వు. ఆ. చూశావా, వెలిగించగానే అన్నీ భగ్గుమని లేచాయి. మూడోది అన్నిటికన్నా ముందు లేచింది. గ్యాసు అయిపోయిందట, బర్నరు పాడైందట!"

"దిగు వదినా!"

"ముందు నుంచి తప్పుకో."

"తప్పుకోను."

"అబుందియో! పిచ్చి పట్టిందా? ఈ వేడిగాలి తగిలితే చర్మం ఊడొస్తుంది. ఆకుకైతే ఆకు చస్తుంది. మనిషికైతే?"

"అదే వదినా! నేను మొత్తుకునేది అదే!"

"అదే అంటే ఏది?"

"ఆ సాళ్ళలో…"

"ఆ సాళ్ళలో?"

"బండి."

"ఏ బండి?"

"అటు చూడు, దుమ్ము. తెల్ల బండి, ఆకుపచ్చ చార. సరిహద్దు పోలీసులు. మన చేలోకే తిప్పాడు."

"వాళ్ళు రోజూ తిరిగేదే. నువ్వు మాట మింగావు. ఆ సాళ్ళలో ఏముంది?"

"నీకు దణ్ణం పెడతా. బర్నర్లు ఆపు. వాడు ఏమడిగినా తెలీదను. నిజంగానే నీకేమీ తెలీదు, అదే చెప్పు. దేవుడా, తలుపు తీసుకుని దిగుతున్నాడు…"

"నమస్కారం అమ్మా. ఆ ఇంజను కాస్త ఆపుతారా? మాట వినపడటం లేదు."

"ఆపాను సార్. చెప్పండి."

"ఎర్లిండా బరేలా మీరేగా? మా స్టేషన్లో మీ పేరు చెప్పుకుంటారు. చెక్‌పోస్టు దగ్గర నిజం చెప్పిన ఆవిడ అని."

"చెప్పుకుంటారా."

"మెచ్చుకోలే అమ్మా. ఈ లోయలో అందరూ మీలా ఉంటే మా పని సగం తగ్గేది. ఇతనెవరు?"

"మా మరిది. కాగితాలున్నాయి."

"నేను అడగలేదు."

"అడుగుతారుగా. ముందే చెప్పాను."

"మొన్న రాత్రి కొందరు సరిహద్దు దాటారు. అందరూ దొరికారు, ఒక్కడు తప్ప. పెద్ద వయసువాడే. కాలు బెణికిందట. కుంటుకుంటూ కాలవ గట్టు పట్టుకుని వచ్చాడు. ఈడ్చిన అడుగులు ఇక్కడిదాకా ఉన్నాయి. ఇక్కడి నుంచి లేవు."

"కాలు బెణికిందా?"

"అవును. ఏమ్మా?"

"ఏం లేదు సార్. చీకట్లో ఆ గట్టు మీద మా బోటివాళ్ళమే పడతాం."

"దొరికినవాళ్ళు ఇంకో మాట చెప్పారు. దారిపొడుగునా అతను ఒకటే గొణిగాడట. పత్తి ఏరే వేళకి చేరాలి, ఇంటిది ఒక్కతే ఉంటుంది అని. మీ ఆయన ఎక్కడున్నారమ్మా?"

"సరిహద్దు అవతల. మీవాళ్ళే పంపించారు."

"ఆఖరున మాట్లాడింది ఎప్పుడు?"

"ఎండాకాలంలో."

"ఆ తర్వాత?"

"ఒక్క ఫోనూ లేదు. ఎవత్తెనో చూసుకున్నాడు అనుకుంటున్నాను. మీరొచ్చే ముందు మా మరిదితో ఆ తగువే. అడగండి కావాలంటే."

"అవును సార్. పొద్దున్నుంచీ నన్ను అదే తినేస్తోంది."

"చేనంతా ఎండిపోయి ఉంది. పిల్లి కూడా దాక్కోలేదు. ఆ తూర్పు సాళ్ళు మాత్రం గుబురుగా ఉన్నాయే?"

"గ్యాసు అయిపోయింది సార్."

"ఏమయ్యా, దారి మీద నుంచి నేను మంటలు చూశాను. అయిపోయిన గ్యాసుతోనా?"

"అంటే సార్, ఆ ముల్లు ఉంది చూశారూ…"

"ముల్లేంటి?"

"అబుందియో, నువ్వుండు."

"వదినా—"

"ఉండమన్నానా. ఏమడిగారు సార్?"

"ఆ సాళ్ళు పచ్చగా ఎందుకున్నాయి అమ్మా?"

"మందు కొట్టాం."

"ఏ మందు?"

"ఆకు రాల్చే మందు. ఇవాళ పొద్దున కొట్టాం. అది నిప్పులాంటిది కాదు, మెల్లగా పనిచేస్తుంది. రాలేదాకా ఆకు పచ్చగానే ఉంటుంది."

"మీ గేటు మీద బోర్డు ఉందిగా, మందులు వాడం అని?"

"ఉంది."

"మరి ఈ నిప్పుబండి?"

"మిగతా చేనుకి. గ్యాసు అటూ ఇటూగా ఉందని ఆ చివర మందుతో సరిపెట్టాను."

"ఇప్పుడే వెలిగించి అటు తిప్పారు."

"షెడ్డుకి దారి అటే సార్. గొట్టాల్లో మిగిలిన గ్యాసు కాల్చేశాకే షెడ్డులో పెడతాం. లేకపోతే షెడ్డు లేచిపోతుంది."

"మందు ఎక్కడ తెచ్చారు?"

"పక్క చేను లియాండ్రో దగ్గర. నిన్న మా మరిది బండి ఆ కొట్టం ముందే ఆగింది."

"ఏమయ్యా, ఆగిందా?"

"ఆగింది సార్."

"మందు అడిగావా?"

"మందే అడిగాను సార్. తల్లి మీద ఒట్టు."

"వాసనేమీ రావటం లేదే."

"గాలి లేదు. దగ్గరికి వెళ్తే వస్తుంది."

"అయినా ఓసారి చూడటం నా పని. కుక్కని దింపుతాను."

"దాని పేరేంటి సార్?"

"డచెస్."

"ఆడదా. ఎన్నాళ్ళ నుంచి ఉంది మీ దగ్గర?"

"కూన అప్పటి నుంచి. ఎందుకు?"

"ఆ ఆకులకి ముక్కు ఆనించిందంటే సాయంత్రానికి నురగ కక్కుతుంది. మా చెల్లెలు చిన్నప్పుడు బడి కిటికీలోంచి వచ్చిన వాసనే పీల్చింది, అంతే. ఈ రోజుకీ గొట్టం పెట్టుకునే పడుకుంటుంది. అబద్ధమైతే వెళ్ళి చూడండి, చర్చి వెనకే ఉంటుంది."

"అంత ఘాటా?"

"వారం లోపు అడుగు పెట్టొద్దని డబ్బా మీదే రాసుంటుంది. మీరు వెళ్తానంటే నేను అడ్డం పడను. ఈ బూట్లు మాత్రం ఇంటికి తీసుకెళ్ళకండి. పిల్లలున్నారా?"

"ఇద్దరు."

"అయితే అసలు తీసుకెళ్ళకండి."

"హు… అంత విషంలో మనిషి పడుకోగలడా?"

"మీరే వినండి సార్. ఉంటే ఈపాటికి దగ్గి దగ్గి చచ్చేవాడు."

"…"

"…"

"ఏమీ వినపడటం లేదు."

"లేదు కదా."

"సరే. డచెస్, కూర్చో. నేను అటు పెకాన్ తోటల వైపు వెళ్తాను. కానీ అమ్మా, ఒక మాట. ఈ సాళ్ళు ఎందుకు వెతకలేదో నా రిపోర్టులో రాయాలి. మందు కొట్టారని రాస్తే అది వ్యవసాయ శాఖకి పోతుంది. వాళ్ళు వచ్చి ముందు ఆ బోర్డు పీకుతారు."

"పీకుతారు. మూడేళ్ళ దాకా పెట్టనివ్వరు."

"అది మీకే తెలుసు. అందుకే అడుగుతున్నా. పొరపాటున నోరు జారానంటే ఇప్పుడే అనండి. ఆ చివరి నుంచి ఈ చివరికి ఒక్కసారి నడిచొస్తాను, ఏమీ రాయను. మీ మాట నేను నమ్ముతాను."

"వదినా, వద్దు… పడమటి చేను అప్పుడే పోయింది. ఇది కూడా పోతే ఇంకేం మిగలదు. ఏళ్ళ తరబడి…"

"నువ్వు నోరు ముయ్యి. సార్, కలం ఉందా?"

"ఉంది."

"రాసుకోండి. ఎర్లిండా బరేలా చేలో విషం పడింది. కొట్టించింది ఎర్లిండా బరేలాయే."